దువ్వెనల అట్ట

మా ఇంట్లో పొద్దున్నే స్టవ్వు మీద ముందు కాగేది టీ కాదు, మా అత్తయ్య ఉచ్చ. ఇలా అంటే మీరు ముఖం చిట్లిస్తారు గానీ, రోజూ కాచే నాకు ఆ పని ఎప్పుడో అలవాటైపోయింది. సన్న గాజు గొట్టంలో నీలం మందు పోసి, నాలుగు చుక్కలు కలిపి, పట్టకారుతో పట్టుకుని మంట మీద ఆడించాలి. నీలంగానే ఉంటే ఆ పూట ఆమెకు ఒక ముద్ద అన్నం ఎక్కువ. పచ్చబడితే జొన్నరొట్టె. ఇటుక రంగు తేలిందంటే ఇక ఆ రోజంతా నాకు అక్షింతలే. నిన్న కూరలో నేనేదో తీపి కలిపానని, ఆమె బతకడం నాకు ఇష్టం లేదని. మా అత్తయ్య ఖాతూన్ బీ సంగతి మా వీధి వీధికంతా తెలుసు. చక్కెర ఆమె ఒంటికే వచ్చింది గానీ నోటికి ఎన్నడూ రాలేదు. మా పెళ్ళి నాటికే ఆమెకు ఆ జబ్బు ఉంది, కాబట్టి కాపరానికి వచ్చిన మర్నాటి నుంచీ ఆ గొట్టం నా చేతికి వచ్చింది.

మా ఆయన దావూద్‌కి నరసరావుపేటలో కళ్ళజోళ్ళ షాపు. ముందు గది షాపు, వెనక రెండు గదులూ వసారా ఇల్లు, మధ్యలో తెర. మగవాళ్ళు ముందు గదిలో కుర్చీలో కూర్చుని గోడ మీది అక్షరాలు చదువుతారు. రోడ్డున పోయేవాళ్ళంతా చూస్తుండగా, పరాయి మగాడు ముఖంలో ముఖం పెట్టి అద్దాలు మారుస్తుంటే ఏ ఆడది కూర్చుంటుంది? మా వాళ్ళే కాదు, రొంపిచెర్ల నుంచీ పెదకూరపాడు నుంచీ వచ్చే రైతుల ఆడవాళ్ళు కూడా తెర ఎత్తుకుని లోపలికి వచ్చేసేవాళ్ళు. వసారాలో వాళ్ళ కోసం ఇంకో కుర్చీ, గోడకి ఇంకో అట్ట ఉండేవి. చదువు రానివాళ్ళ అట్ట అది. మూడు పళ్ళ గుర్తులు ఒకటి పైకి, ఒకటి పక్కకి, ఒకటి కిందికి తిరిగి ఉంటాయి. పళ్ళు ఎటున్నాయో చేత్తో చూపిస్తే చాలు. ఆడవాళ్ళు దాన్ని దువ్వెనల అట్ట అనేవాళ్ళు. కొత్తల్లో ఆయన తెర అవతల నుంచి ఫలానా అద్దం వెయ్యి, ఫలానాది తియ్యి అని చెప్తుంటే నేను వేసేదాన్ని. పోను పోను ఆయన చెప్పడం మానేశారు. నేనే చూసి, నేనే తేల్చి, తెర మీంచి పవరు చెప్తే ఆయన రాసుకునేవారు. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక ఆ అద్దాలను ఫ్రేముకి సరిపడా సానపట్టేదీ నేనే. గాజుపొడి నా గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఉండేది, అన్నం కలుపుకునేప్పుడు భయం వేసేది. ఒకసారి బ్యాంకాయన ఎవరో, మీ ఆవిడ కూడా పని చేస్తారాండీ అని అడిగితే, "అబ్బే, ఇంట్లోనే ఉంటదండీ" అన్నారు మా ఆయన. నేనప్పుడు సానచక్రం తిప్పుతూనే ఉన్నాను. ఆ చప్పుడు తెర దాటి రోడ్డు మీదికి కూడా వినపడుతుంది.

అబద్ధం ఎందుకు, ఆ ఆడవాళ్ళని చూడటం నాకు ఇష్టం. దగ్గరి చూపు పరీక్షకి ఆయన మగవాళ్ళకి పేపరు ఇచ్చేవారు. నేను చాటలో బియ్యం పోసి, రాళ్ళు ఏరమ్మా అనేదాన్ని. సరైన అద్దం పడ్డప్పుడు వేళ్ళు టకటకా రాళ్ళ మీదికి పోతాయి. ఆ క్షణాన ఆడదాని ముఖం చూడాలి. ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదికీ రాళ్ళు తినిపిస్తన్నానే తల్లీ అని నవ్వేవాళ్ళు కొందరు, ఏడ్చేవాళ్ళు కొందరు. పని అయ్యాక కూడా లేవకుండా మొగుడి మాటలూ కోడలి మాటలూ చెప్పుకుని పోయేవాళ్ళు. నాకూ చెప్పుకోవాలని ఉండేది, చెప్పేదాన్ని కాదు. మాకు పిల్లలు లేరు. ఇద్దరు పుట్టారు. ఇద్దరూ బొద్దుగా, చూస్తే దిష్టి తగిలేట్టు పుట్టి పురిట్లోనే పోయారు. కడుపున పడ్డవాళ్ళని నిలుపుకోలేనిదానివి అని మా అత్తయ్య సందర్భం ఉన్నా లేకపోయినా అనేది. ఆయన అనేవారు కాదు. అనొద్దని ఆమెకు చెప్పేవారూ కాదు.

నాకూ చక్కెర ఉందని నాకు తెలిసింది ఆ గాజు గొట్టంలోనే. ఊరికే దాహం, ఊరికే నీరసం, మాటిమాటికీ దొడ్లోకి పరుగు. ఒక పొద్దున అత్తయ్యది కాచాక ఎందుకో నాది కూడా కాచాను. ఇటుక రంగు తేలింది. అంత చిక్కటి రంగు ఆమెకు కూడా ఎప్పుడూ రాలేదు. ఆయన్ని పిలిచి చూపిస్తే, అమ్మదే మళ్ళీ పోసి ఉంటావు చూసుకో అన్నారు. మర్నాడు ఆయన ఎదురుగానే కాచాను. అప్పుడు నమ్మి డాక్టరు దగ్గర బిళ్ళలు రాయించుకొచ్చారు. ఇంట్లో ఒక చక్కెర మిల్లు చాలదనా రెండోది పెట్టావు అని అత్తయ్య వెక్కిరించింది. ఆ రోజు నుంచి రెండు గొట్టాలు కాచాలి కదా. నీలం మందు అయిపోతుందని నాది వారానికోసారి, తర్వాత నెలకోసారి, ఆ తర్వాత గుర్తొచ్చినప్పుడు. ఆమెకు జొన్నరొట్టె చేశాక మళ్ళీ నాకోసం ఇంకోటి చేసుకోవాలంటే బద్ధకం వేసేది. మిగిలిన అన్నం పారెయ్యడానికి మనసొప్పక అదే తినేదాన్ని.

ఎనభై ఆరులో గుంటూరు నుంచి ఒక కళ్ళ డాక్టరు గారు పేటకి వచ్చి, కళ్ళజోళ్ళ షాపుల వాళ్ళనీ, సర్కారు ఆస్పత్రిలో కళ్ళు చూసే అసిస్టెంటు ఏలియా గారినీ కూర్చోబెట్టి మాట్లాడారు. ఆ రోజు అన్నం తింటూ మా ఆయన ఆ మాటలన్నీ నాకు పూసగుచ్చినట్టు చెప్పారు. చక్కెర ఉన్నవాళ్ళకి కంటి వెనక పొర మీద రక్తనాళాలు చెడతాయట. మొదట్లో నొప్పీ ఉండదు, చూపూ తగ్గదు. తగ్గడం మొదలైతే చత్వారం అనుకుని డాక్టరు దగ్గరికి కాదు, కళ్ళజోళ్ళ షాపుకే వస్తారు. అందుకని వచ్చిన ప్రతి మనిషినీ చక్కెర ఉందా అని అడిగి, ఉంటే ఏడాదికోసారి గుంటూరు పంపాలి. డాక్టరు గారు కంట్లో చుక్కలు వేసి వెనక పొర చూసి, ఏ ఊరివాళ్ళని ఆ ఊరి షాపుకే తిప్పి పంపుతారు. నెలనెలా చూపు ఇక్కడే చూసి, తగ్గితే మళ్ళీ ఆయనకు చెప్పాలి. ముదిరినవాళ్ళకి హైదరాబాదులో కిరణాల మిషన్ ఉంది, ఉన్న చూపుని అది నిలబెడుతుంది, పోయినదాన్ని మాత్రం తీసుకురాలేదు.

న్యాయంగా చెప్పాలి, మా ఆయన ఆ పని మనసు పెట్టి చేశారు. అద్దం మాటిమాటికీ మారుతోందంటే తప్పు అద్దంలో లేదండీ, ఒంట్లో ఉంది అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. తెర ఇవతల ఆడవాళ్ళకి నేను చెప్పేదాన్ని. మా షాపు చీటీ పట్టుకుని చాలామంది గుంటూరు బస్సెక్కారు. దావూద్ చెప్తే డాక్టరు చెప్పినట్టే అని పేట అంతా పేరొచ్చింది. అత్తయ్యని ఆయనే స్వయంగా తీసుకెళ్ళారు. ఆ ప్రయాణం ముందు రోజు, నేను కూడా వస్తానండీ అన్నాను. ఆయనకి కోపం రాలేదు, నిజంగా ఆశ్చర్యం వేసింది.

"నువ్వూ వస్తే ఇక్కడ ఆడవాళ్ళని ఎవరు చూస్తారే? నీ కళ్ళకేంది, నేను చూస్తన్నాగా" అన్నారు.

వచ్చే నెల చూద్దాం అనుకున్నాం. వచ్చే నెల పత్తి అమ్ముకున్న రైతులు అద్దాలకి వచ్చే కాలం. ఆ పై నెల రంజాన్. ఆ పైన అత్తయ్య కాలికి పుండు. నేను పంపిన ఆడవాళ్ళు చుక్కలు వేయించుకుని, వెలుగు చూడలేక కొంగు అడ్డం పెట్టుకుని తిరిగొచ్చి, అక్కడ ఏమేం చేశారో వివరంగా చెప్పేవాళ్ళు. గుంటూరు వెళ్ళకుండానే డాక్టరు గారి చీకటి గది నాకు తెలిసిపోయింది.

ఆ ఏడాది నాకు నాలుగు జోళ్ళు మారాయి. ఒక వారం అంతా తేటగా ఉండేది, ఇంకో వారం అదే అద్దంలోంచి మంచు పట్టినట్టుండేది. ప్రతిసారీ ఆయన ఓపిగ్గా కూర్చోబెట్టి కొత్త అద్దం వేసేవారు. ప్రేమగానే వేసేవారు. ఊరందరికీ చెప్పే మాట ఇంట్లో మనిషి దగ్గర ఆయనకెందుకు గుర్తు రాలేదా అని నేను చాలాసార్లు ఆలోచించాను. షాపుకి వచ్చేవాళ్ళకి జబ్బులుంటాయి, ఇంట్లో ఉండేదానికి పనులుంటాయి, అంతే అయి ఉంటుంది. ఈలోపల అన్నంలో రాళ్ళు రావడం మొదలైంది. ఊరందరి చేతా బియ్యం ఏరిస్తావు, మా నోట్లో రాళ్ళు పోస్తావు అని అత్తయ్య కంచం తోసేసింది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు, కిందపడ్డ మెతుకులు నేనే ఎత్తుకున్నాను.

మళ్ళీ వచ్చిన రంజాన్ ఉపవాసాల్లో ఒక మధ్యాహ్నం సానచక్రం దగ్గర కూర్చుని ఉండగా కుడి కంటి ముందు నల్లటి దారపు పోగులు తేలాయి. మసి అనుకుని కొంగుతో తుడుచుకున్నాను. పోగులు చిక్కబడ్డాయి. కాసేపటికి ఎర్రటి పొగలాంటిది పైనుంచి దిగి అంతా మూసేసింది. నొప్పి లేదు. నొప్పి ఉంటే అరిచేదాన్ని, అరిస్తే ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. ఎడమ కన్ను చేత్తో మూసి చూస్తే ఎదురుగా గోడే లేదు. చేతిలో ఉన్నది ఎవరి అద్దమో, దాన్ని పూర్తిచేసి, తుడిచి, వరసలో పెట్టి, అప్పుడు లేచి ఆయన్ని పిలిచాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఆయన కంగారుగానే వచ్చారు. ఆడవాళ్ళ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, ఎడమ కంటికి అట్టముక్క అడ్డం పెట్టి, గోడ మీది దువ్వెనల అట్టకి పుల్ల ఆనించి, ఏదీ చూపించు అన్నారు. పుల్ల తగిలిన చప్పుడు వినగానే నా చెయ్యి దానంతటదే లేచింది. పైకి. కుడికి. కిందికి. మళ్ళీ కుడికి. ఎడమకి. ఇన్నేళ్ళుగా ఎంతమంది ఆడవాళ్ళో చూపిస్తుంటే, మనసులో వాళ్ళతోపాటు చూపిస్తూ వచ్చిన చెయ్యి అది, దానికి కళ్ళతో పనిలేదు. ఆఖరి వరస దాకా ఒక్కటి తప్పలేదు. ఆయన హమ్మయ్య అని ఊపిరి వదలడం వినపడింది. అప్పుడు నేను ఉలిక్కిపడి చెయ్యి దించేసి, నాకేం కనపడలేదండీ, అలవాటు కొద్దీ చూపించాను అన్నాను.

"అన్నీ చూపించి కనపడలేదంటావేందే? నీ చేతికేమన్నా కళ్ళున్నయ్యా?" అన్నారు.

నవ్వుతూనే అన్నారు. మళ్ళీ మళ్ళీ చెప్పాను. అట్ట తలకిందులు చేసి తగిలించినా తేలిపోయేది. ఆయనకి తోచలేదో, తోచినా భయపడ్డారో. కళ్ళజోళ్ళ దావూద్ ఇంట్లోనే ఒక కన్ను పోయిందంటే ఊళ్ళో ఏ ముఖం పెట్టుకుని తిరుగుతారు? రోజాలు ఉండి ఉండి నీరసపడ్డావు, కాసేపు పడుకో అన్నారు. పడుకునే ఎత్తే అది అంది అత్తయ్య గదిలోంచి. మర్నాటికి నాకు అయిదో జోడు తయారైంది. దాన్ని ఒంటికంటితో సానపట్టుకున్నది నేనే.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఎడమ కంటి ముందు ఒక వెంట్రుక అడ్డం పడినా చేతిలో పని వదిలేసి వెలుగులోకి పోయి చూసుకునేదాన్ని. అదీ పోతే నేనేమైపోతాను అన్న భయం ఒక పక్క, పోతే అత్తయ్యది కాచేదెవరు అన్న ఆలోచన ఇంకో పక్క. రెండోది ముందు వచ్చేది. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసేది.

అలా ఉండగా పుల్లమ్మ పిన్ని వచ్చింది. ఆమెది రొంపిచెర్ల, మొగుడు పోయాక మిరపచేను తనే చేయిస్తుంది. ఏడాది కిందట చక్కెర ఉందని చెప్తే నేనే గుంటూరు పంపాను, నెలనెలా చూపు చూపించుకోడానికి మా దగ్గరికి వస్తుంది. ఆమె కుర్చీలో కూర్చున్నాక అద్దాల పెట్టె అందుకోబోయి నేను పక్కన గాలిలో చెయ్యి పెట్టాను. ఆమె చూసింది. లేచి నా కుడిపక్కకి వచ్చి, ముఖం పక్కన చెయ్యి ఆడించింది. నాకు తెలియనే లేదు. నన్ను వసారా చివరికి లాక్కెళ్ళి గొంతు తగ్గించి అడిగింది.

"నన్ను పంపినదానివి, నిన్నెవరూ పంపలేదటే అమ్మాయ్?"

ఆ కుర్చీ దగ్గర ఇన్నేళ్ళూ ఏడ్చింది వచ్చినవాళ్ళే. ఆ రోజు నేను ఏడ్చాను. సోమవారం పొద్దున బస్టాండులో ఉంటాను, రా అంది పిన్ని. ఆయన్ని అడగలేదు, అడిగితే వచ్చే నెల అంటారు. సోమవారం వంట చేసి, అత్తయ్యది కాచి, ఆమె రొట్టెలు గుడ్డలో చుట్టిపెట్టి, గుంటూరు పోతున్నానని చెప్పాను. దావూద్‌కి చెప్పావా అంది. వచ్చి చెప్తాను అని దొడ్డిదారిన బయటికి వచ్చేశాను.

డాక్టరు గారు చీకటి గదిలో చాలాసేపు చూశారు. కుడి కంట్లో రక్తం నిండిపోయింది, ఆశ తక్కువ అన్నారు. ఎడమ కంట్లో కూడా చెడ్డ నాళాలు మొలిచాయి, ఈ వారంలోనే హైదరాబాదు వెళ్ళి కిరణాలు పెట్టించుకుంటే ఆ చూపు నిలవొచ్చు, ఇంక ఆగితే అదీ అంతే అన్నారు. తర్వాత ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. చక్కెర ఎప్పటినుంచి. పిల్లలెంతమంది. ఇద్దరు పుట్టి పురిట్లో పోయారన్నాను. లావుగా పుట్టారా అన్నారు. మీకెలా తెలుసండీ అన్నాను. తల్లికి చక్కెర ఉండి ఎవరూ కనిపెట్టకపోతే బిడ్డలు అలా బొద్దుగా పుట్టి పోతుంటారమ్మా, నీకు అప్పటికే ఉండి ఉండొచ్చు అన్నారు. తల ఎత్తకుండానే అన్నారు, ఆయన రోజూ అనే మాట అయి ఉంటుంది.

నిండు నెలలతో వంగలేక వంగి స్టవ్వు ముందు కూర్చున్న పొద్దులు గుర్తొచ్చాయి. అదే మంట, అదే గొట్టం, అదే నీలం మందు. ఒక్క పొద్దున, ఒకే ఒక్క పొద్దున, ఆ గొట్టంలో నాది పోసి కాచి ఉంటే. ఎవరూ కాయమనలేదు. అంతకన్నా దుఃఖం, నాకే తోచలేదు. ఇంట్లో ఎవరికి ఏ జబ్బు వచ్చినా కనిపెట్టాల్సినదాన్ని నేను, నాకు కూడా ఒకటి రావచ్చని ఎవరూ నాకు నేర్పలేదు. పిల్లల్ని నిలుపుకోలేనిదానివి అని ఆమె అన్నప్పుడల్లా తల దించుకున్నాను, నిజమేనేమో అనుకున్నాను. నా బిడ్డల ముఖాలు నాకు బాగా గుర్తు. బుగ్గలు ఎంతుండేవో.

డాక్టరు గారు ఇంకో చీటీ తీసుకున్నారు.

"హైదరాబాదు నుంచి వచ్చాక నెలనెలా ఇంత దూరం రానక్కర్లేదమ్మా. మీ పేటలోనే దావూద్ అని కళ్ళజోళ్ళ షాపాయన ఉన్నాడు, చాలా జాగ్రత్తగల మనిషి. ఆయనకి రాసిస్తాను, నీ చూపు ఆయన చూస్తాడు."

పుల్లమ్మ పిన్ని ఉండబట్టలేక, ఆయన ఈ పిల్ల మొగుడేనండయ్యా అంది. డాక్టరు గారు అప్పుడు తలెత్తి చూశారు. మంచివాడు, నిజంగానే సంతోషించారు.

"అయితే మరీ మంచిది. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, రోజూ చూసుకుంటాడు."

నేను నా జీవితంలో డాక్టరుకి ఎదురు చెప్పలేదు. మొగుడికీ అత్తకీ కూడా చెప్పలేదు. "వద్దండి. ఏలియా గారికి రాయండి. మా ఇంట్లో నేను ఆ కుర్చీ పక్కన నిలబడేదాన్నండి. అందులో కూర్చుని నేను చెప్తే ఎవరూ నమ్మరు" అన్నాను. ఆయన రాసిన పేరు కొట్టేసి ఏలియా గారి పేరు రాశారు.

ఇంటికి వచ్చేసరికి ఆయన వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. కుడి కన్ను పోయిందని చెప్పాను. గురువారం పుల్లమ్మ పిన్నితో హైదరాబాదు పోతున్నానని చెప్పాను. పిల్లల సంగతి కూడా చెప్పాను. ఆయన ఆడవాళ్ళ కుర్చీలో కూలబడి, ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చారు. మా పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే. నా చెయ్యి ఆయన తల మీదికి పోయింది. ఇన్నాళ్ళకి ఇద్దరం ఒకే దుఃఖంలో ఉన్నాం అనుకున్నాను. కాసేపటికి ఆయన కళ్ళు తుడుచుకుని, నా చేతిలో చీటీ తీసి చదివారు.

"ఏలియాకి రాశాడేంది? నా పెళ్ళాం చూపు ఏలియా చూస్తే ఊళ్ళో నా పరువేం గాను?"

నాకు కోపం కూడా రాలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. రేపటి నుంచి అత్తయ్యది మీరే కాచండి, ఆడవాళ్ళొస్తే ఏలియా గారి దగ్గరికి పంపండి అని చెప్పి, లోపలికి పోయి జొన్నపిండి తీసి నాకోసం రొట్టె చేసుకున్నాను.

హైదరాబాదు పోయే ముందే చూపు రాయించుకుందామని మర్నాడు సర్కారు ఆస్పత్రికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఏలియా గారి గదిలో గోడకి అచ్చం మా వసారాలో ఉన్నలాంటి అట్టే ఉంది. అది నాకు కంఠతా వచ్చండీ, దాంతో చూడొద్దు అన్నాను. ఏలియా గారు నవ్వలేదు. చీటీ చదివి, నన్ను కూర్చోబెట్టి, నా ఎడమ కన్ను మూయించారు. ఎదురుగా చెయ్యి పెట్టినట్టున్నారు.

"ఎన్ని వేళ్ళమ్మా?" అన్నారు.

"వేళ్ళు కాదండీ, చెయ్యే కనపడటం లేదు" అన్నాను.

ఇంకోసారి చూసి చెప్పమనలేదు. సరేనమ్మా అని, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు.